జూలు దువ్వితే వెల్లకిలా!

తెల్లవారుజామున చైనాలో ఏ పార్కుకెళ్లినా పెద్దవాళ్లు వరసగా నిలబడి, నీళ్లలో నడుస్తున్నంత నిదానంగా కాళ్లూ చేతులూ కదుపుతూ కనిపిస్తారు. అదే తాయ్‌చీ. చూస్తే ధ్యానమనిపిస్తుంది కానీ దాని పూర్తిపేరు తాయ్‌చీచువాన్‌. 'చువాన్‌' అంటే పిడికిలి!

హెనాన్‌ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లె దీని పుట్టిల్లు. పదిహేడో శతాబ్దంలో చెన్‌ వాంగ్‌టింగ్‌ అనే యోధుడు దీన్ని మొదలుపెట్టాడంటారు చెన్‌ వంశీకులు. ఆ పోరు ఆనవాళ్లు భంగిమల్లో ఇప్పటికీ ఉన్నాయి.

'అడవి గుర్రం జూలు పాయతీయడం' చూడండి. ఒక కాలు ముందుకు పడుతుంది. అటువైపు చెయ్యి ఏటవాలుగా పైకి లేస్తుంది, రెండోది కిందికి జారుతుంది. అచ్చం నాట్యమే! అదే ఎదురుగా ఓ మనిషి ఉంటే... కిందికి జారే చెయ్యి అతని మణికట్టు పట్టి లాగుతుంది. ముందుకేసిన కాలు అతని కాలి వెనక అడ్డుపడుతుంది. పైకి లేచే ముంజేయి ఛాతీకి తగులుతుంది. ఇంకేముంది, వెల్లకిలా పడాల్సిందే. 'మోకాలు నిమిరి తోయడం'లో నిమిరే చెయ్యి తన్నును పక్కకు నెడుతుంది, రెండోది ఛాతీని తోస్తుంది.

మరి పార్కులో తాతగారు రౌడీని పడగొట్టగలరా? కష్టమే. చాలామంది చేసే 24 భంగిమల వరస 1956లో చైనా క్రీడల సంఘం ఆరోగ్యం కోసం కుదించింది. వయసు మీదపడ్డాక తూలి పడకుండా ఉండటానికి అది నిజంగానే మేలు చేస్తుంది. కొట్లాట వేరు. 2017లో చెంగ్డూలో వెయ్‌ లెయ్‌ అనే తాయ్‌చీ గురువును షు షియావోడాంగ్‌ అనే ఫైటర్‌ అర నిమిషంలోపే చిత్తు చేశాడు. అలాగని అంతా ఉత్తిదే అనుకోకండి. 1954లో మకావ్‌లో యాభై దాటిన తాయ్‌చీ గురువు వు గాంగ్‌యీ, తనకంటే చిన్నవాడైన తెల్లకొంగ శైలి వీరుడితో తలపడ్డాడు. రెండో రౌండులో ఆట ఆపేశారు, ఎవరూ ఓడలేదు. ఆ ఫిల్ములో మాత్రం పార్కు సొగసు మచ్చుకైనా లేదు, ముక్కుల మీద గుద్దులే!

తేడా అంతా ఎదుటి మనిషితోనే. అందుకే పాత గురువులు 'తోపుడు చేతులు' నేర్పేవారు. ఇద్దరూ ముంజేతులు ఆనించి, అవతలివాడి బరువు ఏ కాలిమీదుందో స్పర్శతోనే పసిగడతారు. అతను గట్టిగా తోస్తే అడ్డుకోరు, నడుం తిప్పి దారిస్తారు. ఆ ఊపు ఖాళీలోకి పోయి మనిషి ముందుకు తూలతాడు. తేరుకుని వెనక్కి లాక్కుంటాడు చూడండి... గుర్రం జూలుకు అదీ అదను!