క్రీడోత్సవ గోడపత్రిక – కళ, సమాజం: స్టాక్‌హోమ్ నుంచి హైదరాబాదు వరకు ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: అంతర్జాతీయ క్రీడోత్సవాల గోడపత్రికలు తేదీని, వేదికను తెలిపే ప్రకటనలుగా పుట్టినా, కాలక్రమంలో చారిత్రక పత్రాలుగా మారుతాయి. ఆతిథ్య దేశం లోకానికి ఎలా కనిపించాలనుకున్నదో, దేన్ని కనబడనీయలేదో అవి చెబుతాయి. శరీరం, చిహ్నం, భాష అనే మూడు అంశాల ఆధారంగా కొన్ని ఒలింపిక్ గోడపత్రికలను, 1982 ఢిల్లీ, 2003 హైదరాబాదు క్రీడోత్సవాల చిహ్నాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గోడపత్రిక, ఒలింపిక్ క్రీడలు, దృశ్యసంస్కృతి, చిహ్నం, ఆఫ్రో-ఆసియన్ క్రీడలు.

1. ఉపోద్ఘాతం

జహీరాబాదు నుంచి కర్ణాటక వైపు వెళ్లే 65వ జాతీయ రహదారిపై, రాష్ట్ర సరిహద్దు దగ్గర ఉన్న ఊరు చిరాగ్‌పల్లి. ఈ ప్రాంతంలో కబడ్డీ పోటీల కోసం కట్టే ఫ్లెక్సీలను గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. అన్నిటికంటే పెద్ద బొమ్మలు నాయకులవి; ఆ తర్వాతివి దాతలవి. ఆటగాడి బొమ్మ ఉంటే అది అంతర్జాలం నుంచి తీసుకున్నది. ఆ ఊరి ఆటగాడిది కాదు. ప్రథమ బహుమతి సొమ్ము మాత్రం దూరానికి కూడా కనిపించేంత పెద్ద అంకెల్లో ఉంటుంది. పోటీ గురించి తెలపడానికి కట్టిన ఫ్లెక్సీ, ఊళ్లో ఎవరి మాట చెల్లుతుందో కూడా తెలుపుతున్నది. అంతర్జాతీయ క్రీడోత్సవాల గోడపత్రికలనూ ఇదే దృష్టితో చదవవచ్చు.

2. శరీరం: ఎవరిని చూపారు?

1900లో ఒలింపిక్ పోటీలు పారిస్ ప్రపంచ ప్రదర్శనతో కలిసి జరిగాయి. అక్కడి కత్తిసాము పోటీలకు ‘పాల్’ అనే పేరుతో ప్రసిద్ధుడైన చిత్రకారుడు వేసిన గోడపత్రికలో కత్తులు పట్టిన యువతి నిలుచుని ఉంటుంది. అయితే ఒలింపిక్స్‌లో మహిళలకు కత్తిసాము పోటీ మొదలైంది 1924లోనే. నాటి పారిస్ ప్రకటనల చిత్రకళలో సైకిలు అమ్మడానికైనా స్త్రీ రూపమే ఆకర్షణ. అందువల్ల ఆ బొమ్మలోని యువతి క్రీడాకారిణిగా కంటే ప్రకటనకళకు అలవాటైన అలంకారంగానే కనిపిస్తుంది.

నిర్వాహకులు అధికారికంగా వేయించిన తొలి ఒలింపిక్ గోడపత్రిక 1912 స్టాక్‌హోమ్ క్రీడలది. దాన్ని చిత్రించినవాడు ఓలె యోర్ట్స్‌బెర్గ్. వివిధ దేశాల జెండాలను ఊపుతున్న నగ్న పురుషులు అందులో ఉంటారు. ముందున్న వ్యక్తి నగ్నత్వాన్ని ఒక పట్టీ కప్పుతుంది. ప్రాచీన గ్రీకు ఆదర్శాన్ని గుర్తుచేసే ఆ చిత్రం కొన్ని దేశాల్లో అసభ్యంగా తోచింది. ఒకే శరీరం ఒకచోట సౌందర్యం, మరొకచోట అభ్యంతరం.

1936 బెర్లిన్ క్రీడల కోసం ఫ్రాంజ్ వ్యుర్బెల్ వేసిన గోడపత్రికలో బ్రాండెన్‌బర్గ్ ద్వారంపై ఉన్న నాలుగు గుర్రాల రథం వెనుక, పుష్పకిరీటం ధరించిన విజేత ఆకారం మహాకాయంగా లేచి ఉంటుంది. నాజీ పాలన కోరుకున్న గ్రీకు వారసత్వం, జాతి దర్పం అక్కడ ఒకే రూపంలో కలిశాయి.

3. చిహ్నం: దేన్ని చెప్పారు, దేన్ని దాచారు?

1940 ఒలింపిక్స్ నిర్వహణ టోక్యోకు దక్కింది. చైనాతో యుద్ధం సాగుతుండగా 1938లో జపాన్ ఆ అవకాశాన్ని వదులుకుంది. 1964లో అదే నగరం ఆతిథ్యం ఇచ్చినప్పుడు కామెకురా యుసాకు తెల్లని నేపథ్యంపై పెద్ద ఎర్రని సూర్యబింబం, దాని కింద బంగారు వలయాలు ఉంచాడు. యుద్ధకాలపు జ్ఞాపకాలు అంటుకున్న జాతీయ చిహ్నాన్ని ఆధునిక రూపకల్పనలోని సరళత ద్వారా శాంతి చిహ్నంగా నిలబెట్టే ప్రయత్నమది. ఆ క్రీడలకే ఆయన రూపొందించిన మరో గోడపత్రికలో చీకటిలోంచి దూసుకొస్తున్న పరుగువీరుల ఛాయాచిత్రం ఉంది. ఒలింపిక్ గోడపత్రికలో ఛాయాచిత్రాన్ని వాడడం అదే మొదలు.

1968 మెక్సికో గోడపత్రికలో అలలుగా వ్యాపించే నలుపు-తెలుపు గీతలను లాన్స్ వైమన్ బృందం రూపొందించింది. నాటి ఆప్ ఆర్ట్ ధోరణి, హుయిచోల్ ఆదివాసుల నూలు చిత్రాల సంప్రదాయం అందులో కలిశాయి. అక్టోబరు 2న త్లాతెలోల్కో కూడలిలో విద్యార్థుల నిరసన సభపై సైన్యం కాల్పులు జరిపింది; పది రోజులకే క్రీడలు ప్రారంభమయ్యాయి. ఆదివాసి కళకు గోడపత్రికలో చోటు దొరికింది కానీ, అసమ్మతికి నగరంలో చోటు దొరకలేదు. విద్యార్థులు ఒలింపిక్ చిహ్నాలనే మార్చి తమ నిరసన పత్రాల్లో వాడుకున్నారు. అధికారం తయారుచేసిన చిహ్నం అధికారం చేతిలోనే ఉండిపోదని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

1972 మ్యూనిక్ క్రీడలకు ఓట్ల్ ఐషర్ లేత నీలం, ఆకుపచ్చ వంటి రంగులను ఎంచుకున్నాడు. నాజీ కాలాన్ని గుర్తుచేసే ఎరుపు, నలుపులను దూరం పెట్టాడు. ఇక్కడ లేని రంగే చరిత్రను చెబుతున్నది.

4. భాష: ఎవరితో మాట్లాడారు?

స్టాక్‌హోమ్ గోడపత్రిక 16 భాషల్లో అచ్చయింది. లోకాన్ని పిలవాలంటే లోకంలోని భాషలు కావాలన్నది నాటి ఆలోచన. టోక్యో నిర్వాహకులు ఇదే సమస్యకు మరో పరిష్కారం వెతికారు. జపనీస్ రాని అతిథుల కోసం ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క బొమ్మగుర్తును ఏర్పరచారు. తర్వాతి క్రీడోత్సవాలు ఆ మార్గాన్నే అనుసరించాయి. సౌకర్యం పెరిగింది, అదే సమయంలో గోడపత్రికపై స్థానిక భాష అవసరం తగ్గింది.

5. ఢిల్లీ, హైదరాబాదు

1982 ఢిల్లీ ఆసియా క్రీడల చిహ్నంలో జంతర్ మంతర్‌లోని మిశ్రయంత్రం కనిపిస్తుంది. దేశంలో రంగుల దూరదర్శన్ ప్రసారాలు మొదలైన ఏడాది అది. కొత్త సాంకేతికతను ప్రదర్శించదలచిన దేశం, తన విజ్ఞానానికి పాత మూలాలు ఉన్నాయని 18వ శతాబ్దపు ఖగోళ వేధశాల ద్వారా చెప్పుకుంది. దానితోపాటు ‘అప్పు’ అనే ఏనుగు పిల్లల మనసుల్లోకి వెళ్లింది.

ఆఫ్రో-ఆసియన్ క్రీడలు 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు హైదరాబాదులో జరిగాయి. మొదటివీ, చివరివీ అవే. వాటి మస్కట్ ‘షేరూ’ అనే సింహం. నేడు అడవుల్లో సింహాలు జీవిస్తున్నది ఈ రెండు ఖండాల్లోనే. ఆసియాలో గిర్ ప్రాంతంలో మాత్రమే. కనుక చిహ్నం ఎంపిక సహేతుకమే. 1955 బాండుంగ్ సదస్సు నాటి ఆఫ్రో-ఆసియా సంఘీభావానికి సమాచార సాంకేతిక నగరంగా ఎదుగుతున్న హైదరాబాదు వేదిక కావడంలో రెండు యుగాల కలయిక ఉంది.

అయితే ఆ పేరు తెలుగు కాదు. హిందీ, ఉర్దూలకు ఉమ్మడి పదమైన ‘షేర్’ నుంచి వచ్చింది. దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. దక్కనీ ఉర్దూ హైదరాబాదు సొంత భాషే కాబట్టి ఆ పేరు నగరానికి సహజమనడం ఒక పఠనం. ఆతిథ్య నగరం తన ప్రాంతీయతను పక్కనపెట్టి దేశం పేరుతోనే లోకం ముందు నిలబడిందనడం రెండో పఠనం. ఆ క్రీడలు ముగిసిన నవంబరులోనే 2010 కామన్వెల్త్ క్రీడల నిర్వహణ హక్కు ఢిల్లీకి దక్కిన సందర్భాన్ని గుర్తుంచుకుంటే రెండో పఠనమే బలంగా తోస్తుంది.

6. ముగింపు

ఏ గోడపత్రికనైనా ఎవరి శరీరం, ఏ చిహ్నం, ఏ భాష అని ప్రశ్నిస్తే, ఆ కాలపు కళాధోరణితోపాటు అధికార సంబంధాలు బయటపడతాయి. తెలుగులో సినిమా గోడపత్రికల చరిత్రకు చిత్రకారుడు ఈశ్వర్ ‘సినిమా పోస్టర్’ అనే గ్రంథంతో దారి చూపారు. క్రీడా గోడపత్రికలకూ అటువంటి శ్రద్ధ అవసరం. ఫ్లెక్సీ ఆట ముగియగానే గడ్డివాముపై కప్పుగా మారుతుంది. దానితో ఒక ఆధారం పోతుంది. తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలు కలిసే చిరాగ్‌పల్లి వంటి సరిహద్దు ఊళ్లలో ఏ పోటీకి ఏ భాషలో పిలుపు ఇచ్చారన్నది కూడా పరిశోధనాంశమే. ఫ్లెక్సీ కట్టిన నాడే ఛాయాచిత్రం తీసి, తేదీ, స్థలం, ముద్రణశాల వివరాలు నమోదు చేయడం కళాశాల విద్యార్థులతో సులభంగా చేయించగల పని. స్టాక్‌హోమ్ గోడపత్రికను ఈనాడు చదవగలుగుతున్నామంటే, ఎవరో దాన్ని చింపివేయకుండా దాచినందువల్లనే.