పరకాయ ప్రవేశం నేర్చిన క్రిమి

ఉద్యానమనే మాటయే జనుల నోట ఉద్దానమైనదని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో సముద్రపుటొడ్డున నిలిచిన ఆ సీమను చూచినవారికి ఈ వ్యుత్పత్తిని శంకించాలని తోచదు. ఇటీవలి కాలంలో ఆ పేరు వినగానే లోకానికి మూత్రపిండాల వ్యాధి స్ఫురిస్తున్నది. దానికి ఏ సూక్ష్మజీవీ కారణమని రుజువు కాలేదు. ఆ కథ వేరు. అంతకు చాలా పూర్వం నుంచి ఈ తీరాన్నీ, ఉత్తరాంధ్ర మొత్తాన్నీ పీడించిన వ్యాధి మరొకటి ఉన్నది. దాని పేరు పైకి పలకడానికి జంకి, ‘పెద్దరోగం’ అని గొంతు తగ్గించి అనేవారు. అది కుష్ఠు.

పలాస జీడిపప్పు దేశమంతటా ప్రసిద్ధం. పిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. అందుకే పిక్కలు ఒలిచే స్త్రీలు చేతులకు బూడిదో నూనెో పూసుకొని పనికి కూర్చుంటారు. మంట తగిలిన క్షణంలోనే చేయి తనంత తాను వెనుకకు వస్తుంది. ఆ మంట తెలియని చేయి ఒకటి ఉన్నదనుకొందాము. పొక్కు పుండవుతుంది, పుండుతోనే పని సాగుతుంది, పుండులో ఇతర క్రిములు చేరి ఎముకను తాకుతాయి, ఏళ్ళు గడిచేసరికి వేలు పొట్టిదవుతుంది. కుష్ఠు సోకితే వ్రేళ్ళు రాలిపోతాయనే మాట లోకంలో ఉన్నది గాని, అది నిజం కాదు. ఆ క్రిమి వ్రేళ్ళను తినదు. నొప్పి అనే కావలివానిని నిద్రపుచ్చుతుంది. తక్కిన వినాశమంతా పొయ్యి, కత్తిపీట, ముల్లు, రాయి చేసిపెడతాయి.

కావలివానిని అది ఎట్లా నిద్రపుచ్చుతున్నది?

1873లో నార్వే దేశపు బెర్గెన్ నగరంలో హాన్సెన్ అనే వైద్యుడు ఈ క్రిమిని కనిపెట్టాడు. మానవునికి వ్యాధి కలిగించే బాక్టీరియాలలో మొట్టమొదట గుర్తింపబడిన వాటిలో ఇది ఒకటి. అయినా నేటివరకు ఎవ్వరూ దీనిని ప్రయోగశాలలో గాజుపాత్రలో పెంచలేకపోయారు. ఇది సజీవ కణంలో తప్ప వృద్ధి చెందదు. అక్కడ కూడ ఒక క్రిమి రెండు కావడానికి రెండు వారాలు పడుతుంది. సాధారణ బాక్టీరియాలు కొన్నింటికి అందుకు ఇరవై నిమిషాలు చాలు. వ్యాధి బయటపడడానికి సగటున ఐదేళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇరవై ఏళ్ళు పట్టడానికి కారణం ఈ మందగమనమే. పైగా దీనికి చల్లదనం ఇష్టం. ముక్కు, చెవితమ్మెలు, మోచేతుల వద్దా మోకాళ్ళ వద్దా చర్మానికి దగ్గరగా సాగే నరాలు, ఇవే దాని నివాసాలు.

మన నరంలో ప్రతి తంతువును కాపాడుతూ ష్వాన్ కణాలనేవి ఉంటాయి. విద్యుత్తు తీగకు తొడుగు ఎట్లాంటిదో నాడీతంతువుకు ఈ కణాలు చుట్టిన పొర అట్లాంటిది. ఈ కణాలను ఆవరించిన పలుచని పొరలో లామినిన్ అనే ప్రోటీను ఉన్నది. కుష్ఠు క్రిమి ఒంటిమీద మరే క్రిమికీ లేని ఒక విశిష్టమైన కొవ్వు పదార్థం ఉన్నది. ఆ కొవ్వు ఈ లామినిన్‌కు అంటుకొంటుందని 2000లో తెలిసింది. తాళానికి తగిన తాళంచెవి దొరికినట్లు, క్రిమి ఆ పట్టుతోనే కణం లోపలికి ప్రవేశిస్తుంది. రోగనిరోధక కణాలు అక్కడికి సులభంగా రాలేవు. దొంగ వెళ్ళి ఠాణాలోనే బస చేసినట్లయింది.

ఇంతవరకు కథ ఆశ్చర్యకరమే, ఇకమీద అద్భుతం. ఎడింబరో విశ్వవిద్యాలయంలో అనుర రంబుక్కన, ఆయన సహచరులు ఎలుకల ష్వాన్ కణాలపై చేసిన పరిశోధన 2013లో వెలువడింది. క్రిమి తానున్న కణాన్ని చంపడం లేదు. దాని స్వభావాన్నే మార్చివేస్తున్నది. ష్వాన్ కణం తాను ష్వాన్ కణాన్నని గుర్తుంచుకోవడానికి కొన్ని జన్యువులు పనిచేస్తూ ఉండాలి. క్రిమి వాటిని మూయిస్తుంది. శిశుదశలో పనిచేసి ఎప్పుడో నిద్రపోయిన జన్యువులను మేల్కొలుపుతుంది. పెరిగి పెద్దదై వృత్తిలో కుదురుకొన్న కణం తిరిగి బాల్యానికి పోయి, పలు రూపాలు ధరించగల మూలకణం వంటిదవుతుంది. అప్పుడది నరాన్ని విడిచి సంచారానికి బయలుదేరుతుంది. కండరాలలో ప్రవేశించి కండర కణంగా మారగలదు. లోపలి క్రిములను అక్కడివాటికి అందించగలదు. ఇంతేగాక భక్షక కణాలను తన వద్దకు పిలిచి, క్రిములను వాటికీ ఎక్కించి పంపుతుంది. శత్రువును పట్టవలసిన భటులే శత్రువుకు వాహనాలవుతున్నారు.

కణాలను తమ చెప్పుచేతలలో పెట్టుకొనే విద్య ఇతర క్రిములకూ తెలుసు. కలరా క్రిమి విడిచే విషం ప్రేగు కణాల ద్వారాలు తెరిపించి నీటిని వెళ్ళగొడుతుంది. క్షయ క్రిమి తనను మింగిన కణం కడుపులోనే జీర్ణం కాకుండా కూర్చుంటుంది. అయితే కణం పుట్టుకనే మరపించే విద్యలో కుష్ఠు క్రిమికి సాటివచ్చేవి అరుదు.

మన కథలలో పరకాయ ప్రవేశం చేసే యోగి తన శరీరాన్ని ఒకచోట భద్రపరచి పోతాడు, తిరిగిరావడానికి. ఈ క్రిమికి ఆ ముందుచూపు లేదు. 2001లో దాని జన్యుపటం పూర్తిగా చదివినప్పుడు పనిచేసే జన్యువులు సుమారు 1,600 మాత్రమే కనిపించాయి. 1,100కు పైగా శిథిలాలు. పరుల ఇంట సకలమూ అమరినప్పుడు సొంత పనిముట్లు తుప్పుపట్టిపోయాయన్నమాట. ఇతరుల శరీరం తప్ప దానికిక గతి లేదు.

నరం చెడడానికి ఈ రూపాంతరమొక్కటే కారణమా అంటే, పండితులలో ఏకాభిప్రాయం లేదు. 2017లో లలితా రామకృష్ణన్ బృందం జీబ్రా చేపలపై చేసిన ప్రయోగాలలో, ఆ విశిష్టమైన కొవ్వు రెచ్చగొట్టగా మన భక్షక కణాలే నరాన్ని గాయపరుస్తున్నట్లు కనిపించింది. దీర్ఘకాలం సాగే వ్యాధిలో ఈ రెండూ వేర్వేరు ఘట్టాలు కావచ్చునని ఊహించడం అసంగతం కాదు. కాగా, 2022లో రంబుక్కన బృందమే మరొక వింత ప్రకటించింది. అమెరికా ఖండపు ఆర్మడిల్లో అనే పెంకుజంతువులో ఈ క్రిమి చేరినప్పుడు కాలేయం చెడక, ఆరోగ్యంగానే పెరిగిందట. క్రిమి విద్యను క్రిమి లేకుండ అభ్యసించి చెడిన కాలేయాలను బాగుచేయవచ్చునేమోనని ఇప్పుడు శాస్త్రజ్ఞుల ఆశ.

ఉత్తరాంధ్రలో ఈ వ్యాధితో పోరు పాతది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు వైద్యశాల పేరు ఆ ప్రాంతంలో వినని ఇల్లు ఉండదు. 1955లో జాతీయ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అప్పటికి ఉన్నది డాప్సోన్ ఒక్కటే. క్రిమి దానికి క్రమంగా లొంగకుండా పోయింది. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్‌లను దానికి జతచేసి బహుళౌషధ చికిత్సను సూచించింది. ఆ దశాబ్దంలోనే అది శ్రీకాకుళం జిల్లాకు వచ్చింది. 2005 చివరికి దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకటికన్న తగ్గింది. తగ్గిందే గాని అంతరించలేదు. కొత్త రోగులు ఏటా బయటపడుతూనే ఉన్నారు. చట్టంలోని మచ్చ తుడవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది: కుష్ఠు రోగం విడాకులకు కారణమనే నిబంధన 2019లో గాని తొలగలేదు. క్రిమి కన్న మనుష్యులే మొండివారనిపిస్తుంది.

నొప్పి ఉంటే పిల్లలు ఏడుస్తారు. తల్లి వైద్యుని వద్దకు తీసుకొనిపోతుంది. ఇది నొప్పిని హరించి వచ్చే రోగం కనుక ఏడ్పు లేదు. తరగతి గదిలో ప్రతిదినమూ పిల్లల ముఖాలు, చేతులు చూచే ఉపాధ్యాయునికే అది ముందు కనిపించవచ్చును. చర్మంపై చుట్టుప్రక్కల కన్న పాలిపోయిన మచ్చ, లేదా రాగివన్నె మచ్చ. దురద లేదు, నొప్పి లేదు. పాలవలె తెల్లనైనది బొల్లి. అది వేరు, దానికి దీనికి సంబంధం లేదు. ఉంగరపు వేలు, చిటికెన వేలు వంగిపోవడం మొదలయ్యాక నరానికి జరిగిన హాని పూర్తిగా నయం కాకపోవచ్చు గనుక, గమనించవలసినది మచ్చనే.

పరీక్షకు పరికరాలు అక్కరలేదు. పిల్లవానిని ఏకాంతంగా కూర్చోబెట్టి, కళ్ళు మూసుకొమ్మని, కలం మొనతో మెల్లగా ఒకసారి మచ్చపైన, ఒకసారి మంచి చర్మంపైన తాకి, తాకిన చోటును వేలితో చూపుమనాలి. మచ్చపై తాకినప్పుడు వాడు వేలు ఎత్తకపోతే, తల్లిదండ్రులతో మాత్రమే చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అక్కడ మందు ఉచితం. ఆరు నెలలు, వ్యాధి ముదిరితే సంవత్సరం వాడాలి. మొదలుపెట్టిన కొద్ది దినాలకే అతని నుంచి వ్యాధి ఇతరులకు సోకదు. బడి మానవలసిన పని లేదు.