రంధ్రం శుభ్రపడితేనే బోర్డుకు ఆయుష్షు

సర్క్యూట్ బోర్డు అనగానే పచ్చటి పలక, దాని మీద రాగి గీతలు గుర్తొస్తాయి. బోర్డు ఎంతకాలం పనిచేస్తుందో తేల్చేవి మాత్రం దాని రంధ్రాలే.

వియన్నాలో పుట్టిన పాల్ ఐస్లర్ 1936లో లండన్ చేరాడు. రాగి రేకు అంటించిన పలక మీద అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించి, మిగిలిన గీతలనే తీగలుగా వాడే పద్ధతికి 1943లో పేటెంట్ కోరాడు. తర్వాత రెండు దశాబ్దాల్లో బోర్డుకు పొరలు పెరిగాయి. వాటిని కలపడానికి రంధ్రం వేసి, దాని గోడకు రాగి పూత పూయడం మొదలైంది. మన దగ్గర ఎ.ఎస్. రావు సారథ్యంలో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లో ఏర్పడేనాటికి ఎలక్ట్రానిక్స్ ఆ బాటలోనే నడుస్తోంది.

చిక్కంతా డ్రిల్లింగ్‌తోనే. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే బిట్టు రాపిడికి ఎపాక్సీ జిగురు మెత్తబడి, లోపలి రాగి అంచుల మీద పులుముకుపోతుంది. ఇదే స్మియర్. దాని మీదే పూత పూస్తే బోర్డు పరీక్షలో నెగ్గవచ్చు కూడా. కానీ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అతుకు కాస్త వదులై, ఒకనాడు తెగిపోతుంది. హైదరాబాద్ శివార్లలోని మీర్‌పేట్‌కు దగ్గరే ఉన్న కంచన్‌బాగ్, ఇమారత్‌ల పరిశోధన కేంద్రాల్లో క్షిపణుల పని జరుగుతుంది. ఎగిరిన క్షిపణిలో తెగిన అతుకును ఎవరు బాగుచేస్తారు?

మొదట్లో ఈ జిగురును గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కరిగించేవారు. అది గాలిలోని తేమను పీల్చుకుని పదును కోల్పోయేది. క్రోమిక్ యాసిడ్ బాగా పనిచేసినా, అందులోని క్రోమియం క్యాన్సర్ కారకం. చివరికి పర్మాంగనేట్ నిలిచింది. ఒక తొట్టిలో జిగురును ఉబ్బిస్తారు. రెండో తొట్టిలో సుమారు 80 డిగ్రీల వేడి మీద, క్షారం కలిపిన పర్మాంగనేట్ దాన్ని తినేస్తుంది. మూడోదాంట్లో మిగిలిన మాంగనీసు మరకను కడిగేస్తారు. గోడ గరుకుగా మారి పూతను గట్టిగా పట్టుకుంటుంది. ఆ పూత మందం సుమారు 25 మైక్రాన్లు.

యాసిడ్ తగ్గింది కదా అని నిశ్చింతగా ఉంటే ప్రాణం మీదికొస్తుంది. వేడి క్షారం చర్మాన్ని, కళ్లను యాసిడ్ అంత ఘోరంగానే కాలుస్తుంది. పర్మాంగనేట్ గాఢ సల్ఫ్యూరిక్‌తో కలిస్తే పేలే పదార్థం పుడుతుంది. హైడ్రోక్లోరిక్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అందుకే వాటిని వేర్వేరు గదుల్లో ఉంచాలి, కొలపాత్రలు కూడా కలవకూడదు. పలచన చేసేటప్పుడు నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు విప్పేసి, కనీసం 15 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. సోడా రుద్దే సొంత వైద్యం గాయాన్ని పెంచుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఏప్రాన్ ఇవ్వడం యజమాని దయ కాదు, బాధ్యత.

మీర్‌పేట్, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలకు ఒక మాట. ప్రాజెక్టు కోసం ఫెర్రిక్ క్లోరైడ్‌తో బోర్డు చేసుకున్నాక, ఆ ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది. అది చేపలకు విషం. దాన్ని సింకులో పోయకండి, మన మురుగు చెరువుల్లోకే చేరుతోంది. పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బాలో నింపి కాలేజీ ల్యాబుకు అప్పగించండి.