బక్కగా ఉన్నా... లోపలంతా కొవ్వే!

‘గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటాడు, వాడికి షుగరేంటి?’ చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్నే ఇది. జవాబు దొరకాలంటే ఒంట్లో కొవ్వు ఎలా పుడుతుందో, ఎక్కడ చేరుతుందో తెలియాలి.

2004లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఓ ఫొటో అచ్చయింది. అందులో ఇద్దరు డాక్టర్లు. ఒకరు పుణె కేఈఎం ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండోవారు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఎత్తుకు తగ్గ బరువును లెక్కగట్టే బీఎంఐ ఇద్దరికీ ఒకటే... 22.3. కానీ ఒంట్లో కొవ్వును కొలిస్తే? యుడ్‌కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు ఏకంగా 21.2 శాతం!

కొవ్వంటే పొట్ట మీద మడతలే గుర్తొస్తాయి కానీ, నిజానికి అదో బతికున్న కణజాలం. అమ్మ కడుపులో పద్నాలుగో వారం ప్రాంతంలోనే దానికి అంకురార్పణ జరుగుతుంది. ఎముకగానో, కండరంగానో, కొవ్వుగానో మారగల మూలకణాల్లో కొన్ని కొవ్వు దారి పడతాయి. ‘పీపార్-గామా’ అనే ప్రొటీన్ అందుకు మీట నొక్కుతుంది. తర్వాత కణం లోపల సన్నని నూనె చుక్కలు చేరి, చివరికి ఒకే పెద్ద బొట్టుగా మారతాయి. పాపం, కణానికి యజమానిలాంటి కేంద్రకం మాత్రం ఓ అంచుకు వెళ్లి నక్కుతుంది. చుట్టాలొచ్చి మంచాలన్నీ ఆక్రమిస్తే ఇంటాయన అరుగు మీద పడుకున్నట్టన్నమాట!

ఈ కణాల సంఖ్య చాలావరకూ బాల్యం, కౌమారంలోనే ఖరారైపోతుందని 2008లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. ఎలాగంటారా? 1950, 60ల నాటి అణుబాంబు పరీక్షలతో గాల్లో పెరిగిన కార్బన్-14 మనుషుల డీఎన్‌ఏలోకీ చేరింది. దాని ఆధారంగా కొవ్వు కణాల వయసు లెక్కగట్టారు. పెద్దవాళ్లలో ఏటా పది శాతం దాకా కణాలు చనిపోతుంటే, అన్నే కొత్తవి పుడుతున్నాయట. బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవారిలో రెండేళ్ల తర్వాత చూసినా సంఖ్య తగ్గలేదు. సంచులు ఖాళీ అయ్యాయంతే!

మరి బక్కవాళ్లకు షుగరెందుకు? చర్మం కింది కొవ్వు పొర మన సొంత గోడౌను. మిగులు శక్తిని దాచడానికి అన్నింటికన్నా భద్రమైన చోటు. అది నిండితే సరుకు వీధిన పడుతుంది. పేగుల చుట్టూ, కాలేయంలో, కండరాల్లో పేరుకుని ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. కొవ్వు పొర దాదాపు లేకుండా పుట్టే అరుదైన రోగులకు చిన్న వయసులోనే తీవ్రమైన మధుమేహం వస్తుంది. అంటే కొవ్వు ఉండటం కాదు, చోటు లేకపోవడమే అసలు చిక్కు.

ఈ కథ పుట్టుకతోనే మొదలవుతోందని యాజ్ఞిక్ బృందం చెబుతోంది. 1993లో పుణె దగ్గరి పల్లెల్లో గర్భిణుల మీద వాళ్లు అధ్యయనం మొదలుపెట్టారు. అక్కడి పిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు! ఆడపిల్ల కంచంలో ఏం పడుతోందన్నది ఆమె కనబోయే బిడ్డ షుగరుతోనూ ముడిపడి ఉందన్నమాట.

అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువంటున్నారు డాక్టర్లు. బరువు యంత్రం కన్నా కొలత టేపు నయం: నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇంతకీ కరిగిన కొవ్వు ఎక్కడికెళుతుంది? చెమటలోకి అనుకుంటారు చాలామంది. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం పది కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితోనే బయటికి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. అలాగని కూర్చుని బుసలు కొడితే లాభం లేదు... ఒళ్లు కదిలి కొవ్వు ఖర్చయితేనే ఆ వాయువు తయారయ్యేది!