చేపపిల్లల చర్మవ్యాధి: మందుకు ముందు పరీక్ష

షోలాపురం తూర్పు పేటలలో చాదర్లు నేసే మన కుటుంబాల బంధువులు కొందరు పల్లెలలో శేత్తళే తవ్వించి రోహు, కట్ల పిల్లలను పెంచుతున్నారు. పిల్లల ఒంటిపై మచ్చ కనబడగానే ఏదో ఒక మందు చల్లితే ఆ డబ్బు అక్షరాలా నీళ్లపాలే.

చచ్చి తేలిన చేప పరీక్షకు పనికిరాదు. ప్రాణం పోయాక పరాన్నజీవులు ఒంటిని విడిచిపోతాయి, లేని బూజు పుట్టుకొస్తుంది. ఒళ్లు రుద్దుకుంటూ తిరిగే బతికున్న పిల్లలనే నాలుగైదింటిని పట్టాలి. మగ్గాల షెడ్డులో పోగులు లెక్కించే భూతద్దం ఇందుకు చక్కగా ఉపకరిస్తుంది. గుండ్రంగా, చదునుగా ఉండి పాకేది చేప పేను. ఉప్పు రవ్వలవంటి కదలని చుక్కలు సాధారణంగా తెల్లమచ్చ వ్యాధివి. బూడిదరంగు జిగురు మాత్రమే పేరుకొంటే ట్రైకోడినా కావచ్చును. జిగురును గీకి సూక్ష్మదర్శినిలో చూస్తేనే రూఢి అవుతుంది. దూదివంటి బూజు తరచుగా పాత గాయంపై చేరినదే కనుక గాయానికి కారణం వెదకాలి.

ఎర్రమచ్చలు లోతైన పుండ్లుగా మారితే, 1988లో మన దేశంలో ప్రవేశించిన ఈ.యు.ఎస్. వ్యాధిని అనుమానించాలి. దానిని కలిగించే శిలీంధ్రంవంటి సూక్ష్మజీవి కండలోనికి చొచ్చుకొనిపోతుంది, భూతద్దానికి అందదు. బతికున్న చేపలను ఆ కుంట నీటితోనే మత్స్యశాఖవారికి చేర్చాలి. ఆ వలను ఎండబెట్టనిదే మరో కుంటలో వేయరాదు.