నూటికి ఎన్ని?

అన్నకు లెక్కల్లో 54 మార్కులు వచ్చాయి. చెల్లెలికి 40 వచ్చాయి.

"పిల్లకు చదువు అబ్బలేదు. బడి మానిపిద్దాం" అన్నాడు తండ్రి.

తల్లి రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. ఇద్దరి మార్కుల కాగితాలూ తెచ్చి చూసింది.

"కాస్త ఆగయ్యా! తక్కువొస్తే మాత్రం బడి మానిపిస్తారా? అయినా పిల్లకు తక్కువ రాలేదు. పిల్లోడి పరీక్ష 100 మార్కులకు. పిల్ల పరీక్ష 50 మార్కులకే" అంది.

పరీక్షలు వేరువేరు మార్కులకు పెడితే, వచ్చిన మార్కులు మాత్రమే చూసి పోల్చకూడదు. రెండింటినీ నూటికి మార్చి చూడాలి. నూటికి ఎన్ని అన్నదే శాతం.

లెక్క ఇలా కట్టాలి. వచ్చిన మార్కులను 100తో హెచ్చవేయాలి. వచ్చిన దాన్ని పరీక్ష మొత్తం మార్కులతో భాగించాలి.

చెల్లెలి లెక్క:
40 × 100 = 4000
4000 ÷ 50 = 80

అంటే చెల్లెలికి 80 శాతం. అన్నకు నూటికి 54 కాబట్టి 54 శాతం.

"అయితే పిల్లే ముందుందన్నమాట!" అన్నాడు తండ్రి. బడి మానిపించే మాట మళ్ళీ ఎత్తలేదు.

పదో తరగతి పరీక్షల్లో మొత్తం 600 మార్కులు. 360 వస్తే ఎంత శాతం?
360 × 100 = 36000
36000 ÷ 600 = 60

అంటే 60 శాతం. అయితే మొత్తం శాతం బాగుంటే చాలదు. ప్రతి సబ్జెక్టులోనూ పాసు కావాలి.

మీరూ లెక్క కట్టండి: 25 మార్కుల పరీక్షలో 19 వస్తే ఎంత శాతం?

(జవాబు: 76 శాతం)