నిమిషానికి ఎన్ని ఎకరాలు? మరీనా సిల్వా ప్రజాజీవితం అంకెల్లో

2004లో బ్రెజిల్ వైపున్న అమెజాన్ అడవి నిమిషానికి 13 ఎకరాల చొప్పున నేలమట్టమైంది. 2012కి ఆ వేగం రెండు ఎకరాలకు దిగింది. 2021లో మళ్లీ ఆరు దాటింది. 2025లో మూడు లోపుకు వచ్చింది. ఈ ఎగుడు దిగుళ్ల వెనక ఎందరో ఉన్నారు. అయితే మొదటిసారి తగ్గడం మొదలైనప్పుడూ, ఇటీవల మళ్లీ తగ్గినప్పుడూ పర్యావరణ శాఖ ఒకే మనిషి చేతిలో ఉంది. ఆమె పేరు మరీనా సిల్వా. ఒక మంత్రి పనితనాన్ని ఉపన్యాసాలతో కాకుండా లెక్కలతో తూచి చూడాలంటే ఆమె ప్రజాజీవితం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఎవరీమె?

బ్రెజిల్ పడమటి కొసన ఆక్రే అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి అడవిలో రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే కుటుంబంలో 1958 ఫిబ్రవరి 8న మరీనా పుట్టారు. తల్లిదండ్రులకు పదకొండు మంది సంతానం, బతికి బట్టకట్టింది ఎనిమిది మంది. పదహారేళ్లు వచ్చేదాకా ఆమెకు చదవడం, రాయడం రాదు. కాలేయ జబ్బుకు వైద్యం కోసం రాష్ట్ర రాజధాని రియో బ్రాంకోకు వచ్చి, ఇళ్లలో పనిచేస్తూ వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు దిద్దారు. పదేళ్లు తిరిగేసరికి చరిత్రలో డిగ్రీ పట్టా చేతికొచ్చింది.

రబ్బరు కార్మికుల నాయకుడు చికో మెండెస్‌తో కలిసి ఆమె సంఘం పని మొదలుపెట్టారు. అడవిని నరకడానికి రంపాలతో వచ్చినవాళ్లకు కార్మికులు కుటుంబాలతో సహా అడ్డంగా నిలబడటం వాళ్ల పోరాట పద్ధతి. 1988లో మరీనా నగర కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. అదే ఏడాది డిసెంబరు 22న మెండెస్‌ను ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆమె 1990లో రాష్ట్ర శాసనసభకు, 1994లో 36 ఏళ్ల వయసులో దేశ సెనేట్‌కు వెళ్లారు. కౌన్సిల్ నుంచి సెనేట్‌కు పట్టింది ఆరేళ్లు.

సెనేటర్‌గా ఉంటూ మంత్రి ఎలా అయ్యారు?

ఈ అనుమానం రావడం సహజం, ఎందుకంటే అక్కడి పద్ధతి మనదానికి తిరగేసినట్లుంటుంది. మన దేశంలో కేంద్రమంత్రి పార్లమెంటు సభ్యుడై ఉండాలి, కాకపోతే ఆరు నెలల్లో కావాలి. బ్రెజిల్‌లో మంత్రి అయిన సెనేటర్ తన సీటుకు సెలవు పెట్టాలి. ఆ కాలంలో, ఎన్నికలప్పుడే తోడుగా ఎన్నికైన ప్రత్యామ్నాయ సభ్యుడు ఆ కుర్చీలో కూర్చుంటాడు. మంత్రి పదవి పోతే సెనేటర్ తన సీటుకు తిరిగి రావచ్చు. 2003లో అధ్యక్షుడు లూలా ప్రభుత్వంలో చేరినప్పుడు మరీనా చేసింది అదే.

సెనేట్ గురించి ఇంకొక్క మాట. అందులో 81 సీట్లు ఉంటాయి, పదవీకాలం ఎనిమిదేళ్లు. రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా మూడేసి సీట్లే. 8.3 లక్షల జనాభా ఉన్న ఆక్రేకూ మూడే, 4.4 కోట్ల జనాభా ఉన్న సావో పాలోకూ మూడే. మన రాజ్యసభలో సీట్లు రాష్ట్ర జనాభాను బట్టి వస్తాయి కాబట్టి ఈ తేడా గుర్తుంచుకోవాలి. మారుమూల అడవి రాష్ట్రం నుంచి వచ్చిన మనిషికి 1995 నుంచి 2011 దాకా జాతీయ వేదిక దొరకడానికి ఈ ఏర్పాటు బాగా తోడ్పడింది.

ఎకరాల లెక్క ఎవరు వేస్తారు? నమ్మవచ్చా?

బ్రెజిల్ జాతీయ అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఏటా ఉపగ్రహ చిత్రాలతో ఈ కొలత వేస్తోంది. ఆ పథకం పేరు ప్రోడెస్. దాని ఏడాది జనవరిలో మొదలు కాదు, ఆగస్టు నుంచి జూలై దాకా సాగుతుంది. అంటే 2004 అంకెలో 2003 ఆగస్టు నుంచి 2004 జూలై వరకు జరిగిన నరికివేత ఉంటుంది. ఒక మంత్రికి మార్కులు వేసేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే లెక్క తప్పుతుంది.

ఈ పథకం పూర్తిగా తుడిచిపెట్టిన అడవినే లెక్కిస్తుంది. 6.25 హెక్టార్ల కంటే, అంటే సుమారు 15 ఎకరాల కంటే చిన్న ముక్కలు అందులోకి రావు. వేరే చోట మొక్కలు పెరిగాయని చెప్పి ఆ విస్తీర్ణాన్ని నష్టంలోంచి తీసివేయరు. మన దేశపు అటవీ నివేదికల్లో తోటలు కూడా పచ్చదనం కింద చేరతాయి. అందువల్ల ఆ అంకెలను, ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు అసలు అంకె. 2004లో పోయిన అడవి 27,772 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో 68.6 లక్షలు. తెలంగాణ విస్తీర్ణంలో దాదాపు పావు వంతు ఒక్క ఏడాదిలో మాయమైనట్లు. దాన్ని ఏడాదిలో ఉన్న 5,25,600 నిమిషాలకు పంచితే నిమిషానికి 13 ఎకరాలు వస్తుంది.

మంత్రిగా ఆమె చేసిందేమిటి?

2004 మార్చిలో ప్రభుత్వం అమెజాన్ నరికివేతను ఆపే కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. అందులో మొదటి విశేషం దాని పరిధి. పర్యావరణ శాఖ ఒక్కదాని నెత్తిన పెట్టకుండా 13 మంత్రిత్వ శాఖలను అందులోకి తెచ్చారు. రోడ్డు వేసే శాఖ, భూమి పంచే శాఖ, రుణాలిచ్చే శాఖ తలో దారిన పోతుంటే అడవి శాఖ ఏమీ చేయలేదన్న గ్రహింపు దీని వెనక ఉంది.

రెండోది నిఘా. ప్రోడెస్ ఏడాదికొకసారి జరిగిన నష్టాన్ని చెబుతుంది, ఆపడానికి అది పనికిరాదు. అందుకే 2004లో డెటెర్ అనే మరో ఏర్పాటు వచ్చింది. ఉపగ్రహ చిత్రంలో కొత్త నరికివేత కనబడగానే అటవీ తనిఖీ సంస్థ ఇబామాకు హెచ్చరిక వెళ్తుంది. చెట్లు కూలాక కేసు రాసే పద్ధతి నుంచి, కూలుతుండగానే సిబ్బంది వెళ్లే పద్ధతికి మారడం ఇక్కడే మొదలైంది. శాఖలోని ఇంటిదొంగలనూ వదల్లేదు. 2005లో మాటో గ్రోసో రాష్ట్రంలో పోలీసులు జరిపిన కురుపిరా ఆపరేషన్‌లో అక్రమ కలప వ్యాపారులతో పాటు పదుల సంఖ్యలో ఇబామా ఉద్యోగులు కూడా అరెస్టయ్యారు.

మూడోది భూమి. ఆమె కాలంలో సుమారు 2.4 కోట్ల హెక్టార్లను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. తెలంగాణకు రెండింతలకు పైగా ఉన్న విస్తీర్ణమది. కొత్త రోడ్ల వెంట ఎవరికీ చెందని ప్రభుత్వ భూమిని ముందు నరికి, తర్వాత పట్టా సంపాదించే అలవాటును ఇది దెబ్బతీసింది. రక్షిత ప్రాంతంలో పట్టా రాదు కాబట్టి నరికినా లాభం లేదు.

నాలుగోది అప్పు. 2008 ఫిబ్రవరిలో జాతీయ ద్రవ్య మండలి ఒక నిబంధన తెచ్చింది. అమెజాన్‌లో వ్యవసాయ రుణం కావాలంటే భూమి హక్కు పత్రాలతో పాటు పర్యావరణ చట్టాలకు లోబడి ఉన్నట్లు రుజువు కూడా చూపాలి. అంతకు ముందు నెలలోనే, నరికివేత ఎక్కువగా ఉన్న 36 మునిసిపాలిటీల పేర్లు ప్రభుత్వం బయటపెట్టింది. అక్కడి మునిసిపాలిటీ అంటే ఊరితో పాటు చుట్టూ ఉన్న పల్లెలు, అడవి కలిపి ఒక పాలనా ప్రాంతం. జరిమానా వేస్తే కోర్టుకెళ్లి ఏళ్ల తరబడి సాగదీయవచ్చు. బ్యాంకు తలుపు మూస్తే ఈ ఏడాది పెట్టుబడికే ఇబ్బంది. ఆ తేడా పెద్ద భూస్వాములకు వెంటనే అర్థమైంది.

సోయా ధర పడిపోవడం వల్లే నరికివేత తగ్గిందా?

న్యాయమైన ప్రశ్నే. అడవిని నరికేది ప్రధానంగా పశువుల మేత బీళ్ల కోసం, సోయా సాగు కోసం. 2004 తర్వాత కొంతకాలం ఆ ధరలు రైతుకు కలిసిరాలేదు. 2007 నాటికి నరికివేత 11,651 చదరపు కిలోమీటర్లకు, అంటే నిమిషానికి అయిదున్నర ఎకరాలకు తగ్గింది. ఈ 58 శాతం తగ్గుదలంతా మంత్రి ఖాతాలో వేస్తే అది అతిశయోక్తి.

ధరలు మళ్లీ లేవగానే 2008లో నరికివేత 12,911కి పెరిగింది. రుణ నిబంధన, 36 పేర్ల జాబితా ఆ పెరుగుదలకు జవాబుగా వచ్చినవే. 2009లో అంకె 7,464కి పడిపోయింది. అదే సమయంలో ప్రపంచ ఆర్థిక మాంద్యం కూడా ఉంది. ధరల ప్రభావాన్ని, విధానాల ప్రభావాన్ని విడదీసి చూసిన బ్రెజిల్ ఆర్థికవేత్తలు, ఆ అయిదారేళ్లలో అడవికి తప్పిన నష్టంలో సుమారు సగం ప్రభుత్వ చర్యల వల్లేనని తేల్చారు. సగమే కదా అనుకోవద్దు. ధర ఎవరి చేతుల్లోనూ ఉండదు, ప్రభుత్వం చేతిలో ఉన్నది ఆ సగమే.

ఇంత చేసిన మంత్రి రాజీనామా ఎందుకు చేశారు?

ప్రభుత్వంలో ఆమె ఓడిన వాదనలు చాలా ఉన్నాయి. జన్యుమార్పిడి సోయాను అనుమతించవద్దన్నారు, అనుమతించారు. మదైరా నదిపై రెండు భారీ జలవిద్యుత్ ప్రాజెక్టుల అనుమతుల దగ్గర ఆమె శాఖ మీద వేగం పెంచమని ఒత్తిడి వచ్చింది. రుణ నిబంధనను, ఉపగ్రహ లెక్కలను మాటో గ్రోసో గవర్నర్ బ్లైరో మాగీ గట్టిగా వ్యతిరేకించారు. ఆయన కుటుంబం ప్రపంచంలోనే పెద్ద సోయా వ్యాపారుల్లో ఒకటి. చివరికి అమెజాన్ అభివృద్ధి ప్రణాళిక సమన్వయాన్ని వేరే మంత్రికి అప్పగించడంతో 2008 మే 13న ఆమె రాజీనామా చేసి సెనేట్‌కు తిరిగి వెళ్లారు.

ఆమె వెళ్లిపోయినా అంకె పడిపోతూనే ఉంది. 2012లో 4,571 చదరపు కిలోమీటర్లు, నిమిషానికి రెండు ఎకరాలు. 2004తో పోలిస్తే 83 శాతం తక్కువ. ఆ ఘనతలో ఆమె తర్వాత వచ్చినవారికీ వాటా ఉంది. అలాగే, మంత్రి మారినా ఆగకుండా నడిచే ఏర్పాట్లు చేసి వెళ్లారన్న ఘనత ఆమెది.

మరి ప్రజలు ఓట్లు వేశారా?

2009లో, అప్పటిదాకా తాను ఉన్న లూలా కార్మికుల పార్టీని వీడిన మరీనా 2010లో హరిత పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 1.96 కోట్ల ఓట్లు, అంటే 19.3 శాతం వచ్చాయి. 2014లో ఆమె ఉపాధ్యక్ష అభ్యర్థి. ప్రధాన అభ్యర్థి ఎడ్వార్డో కాంపోస్ ఆగస్టు 13న విమాన ప్రమాదంలో చనిపోవడంతో ఆయన స్థానంలోకి వచ్చి 2.2 కోట్ల ఓట్లు, 21.3 శాతం తెచ్చుకున్నారు. రెండుసార్లూ మూడో స్థానమే. 2018లో తన సొంత పార్టీ రేజీ తరఫున నిలబడితే 10.7 లక్షల ఓట్లు, సరిగ్గా ఒక్క శాతం మిగిలింది.

ఇరవై ఒకటి నుంచి ఒకటికి ఎలా పడిపోయారు? దేశం రెండు శిబిరాలుగా చీలిన ఎన్నిక అది, మధ్యలో నిలబడ్డవారికి చోటు లేకపోయింది. పైగా టీవీలో ఉచిత ప్రచార సమయాన్ని పార్లమెంటులో పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఒక్కో విడతలో ఆమెకు అర నిమిషం కూడా దక్కలేదు. 2022లో ఆమె సావో పాలో నుంచి 2,37,526 ఓట్లతో దిగువ సభకు ఎన్నికయ్యారు. 2023 జనవరిలో లూలా మళ్లీ ఆమెకు పర్యావరణ శాఖ అప్పగించారు.

తిరిగి వచ్చాక అంకె ఏమైంది?

ఆమె తిరిగి రావడానికి ముందు ఏళ్లలో పరిస్థితి బాగా చెడింది. 2019లో నరికివేత లెక్కలపై అధ్యక్షుడు బోల్సొనారోతో విభేదించిన అంతరిక్ష సంస్థ అధిపతి పదవి పోయింది. నార్వే, జర్మనీ డబ్బుతో నడిచే అమెజాన్ నిధి స్తంభించింది. 2021లో 13,038 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది, నిమిషానికి ఆరు ఎకరాలకు పైగా. 2023లో నిధిని తెరిచారు, పాత ప్రణాళికను తిరిగి పట్టాలెక్కించారు. నరికివేత 2023లో 9 వేలకు, 2024లో 6,300 దగ్గరికి, 2025లో తొలి అంచనా ప్రకారం 5,796కి తగ్గింది. 2022తో పోలిస్తే సగం.

ఈ తగ్గుదలకు ఒక హద్దు ఉంది. 2024 కరవులో అమెజాన్‌లో కార్చిచ్చులు చెలరేగాయి. నిప్పు తగిలి చిక్కిపోయినా నిలబడి ఉన్న అడవి, పూర్తిగా తుడిచిపెట్టిన అడవి లెక్కలోకి వెంటనే రాదు. నరికివేత అంకె తగ్గిందంటే అడవి ఆరోగ్యం బాగుపడిందని అర్థం కాదు.

రెండో హద్దు పార్లమెంటు. దిగువ సభలో 513 మంది సభ్యులు. 2022లో రేజీ పార్టీ గెలిచింది రెండు సీట్లు. వ్యవసాయ వ్యాపార వర్గానికి అండగా నిలిచే కూటమిలో సగానికి పైగా సభ్యులున్నారు. 2023లో పార్లమెంటు ఆమె శాఖ నుంచి గ్రామీణ భూముల పర్యావరణ రిజిస్టరును, జల సంస్థను తీసేసింది. 2025 జూలైలో పర్యావరణ అనుమతులను సడలించే బిల్లును 267–116 ఓట్లతో ఆమోదించింది. అధ్యక్షుడు 63 అంశాలను వీటో చేస్తే, అంటే తిరస్కరిస్తే, నవంబరులో వాటిలో చాలావాటిని పార్లమెంటు తోసిపుచ్చింది.

వచ్చే ఏడాది అంకె చదివేటప్పుడు

బ్రెజిల్ తాజా అంకె సాధారణంగా ఏడాది చివర్లో వస్తుంది. అది చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆగస్టు నుంచి జూలై దాకా ఉన్న ఆ ఏడాదిలో పదవిలో ఎవరున్నారు? మాంసం, సోయా ధరలు ఎటు నడిచాయి? కాలిన అడవి లెక్క విడిగా ఎంత? వీటికి జవాబులు తెలిస్తే పొగడ్తను, తెగడ్తను కూడా సరిగ్గా తూచగలుగుతారు.

మరీనాకు అత్యధికంగా ఓట్లు పడిన 2014లో ఆమె చేతిలో ఏ పదవీ లేదు. ఆమె మంత్రిగా అడవిని ఎక్కువగా కాపాడిన కాలంలో ఆమె వెనక ఉన్న సొంత బలం చాలా చిన్నది. ఆమెకు బలమిచ్చింది అందరికీ కనబడే ఉపగ్రహ లెక్క, పదమూడు శాఖల ఉమ్మడి బాధ్యత, రుణానికి పెట్టిన షరతు. 2019 తర్వాత వీటిని బలహీనపరచగానే అంకె పైకి లేచింది, తిరిగి నిలబెట్టగానే దిగింది. అందుకే ఇకపై చూడాల్సింది ఆ కుర్చీలో ఎవరున్నారని మాత్రమే కాదు. ఈ ఏర్పాట్లకు చట్టంలో ఎంత రక్షణ మిగిలింది, వాటికి బడ్జెట్‌లో ఎంత కేటాయించారు, పార్లమెంటులో వాటివైపు ఎంతమంది ఓటేశారు అన్నవి కూడా చూడాలి. నిమిషానికి రెండు ఎకరాలా, పదమూడు ఎకరాలా అనేది తేలేది అక్కడే.